ముందు ఆ లాటుకేమైందో చెప్పండి, స్లైడ్లు తర్వాత

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. ప్రెజెంటేషన్ ఇవ్వాలి, వినేవాళ్ళు ఫోన్లు చూసుకుంటున్నారు, ఎవరో కథ చెప్పమన్నారు, ఏ కథ చెప్పాలి? గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల నుంచి వచ్చిన కొన్నిటికి ఇక్కడ జవాబులు. మిగతావాళ్ళు ఏమీ అనుకోకండి, మీ ప్రశ్న కూడా వీటిలోనే ఎక్కడో ఒకచోట తగుల్తుంది.

ప్రశ్న: మిర్చి ఎగుమతి చేసే కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తున్నానండీ. సీజన్ ముందు రైతులకూ కమీషన్ ఏజెంట్లకూ అఫ్లాటాక్సిన్ (కాయకు పట్టే బూజు వదిలే విషం) గురించి చెప్పాలి. పోయినేడాది ముప్పై స్లైడ్లు చూపించాను, పదో స్లైడుకే సగంమంది టీకి లేచిపోయారు. ఈసారి మొదట్లో కుందేలు తాబేలులాంటి నీతికథ ఒకటి పెడదామనుకుంటున్నాను. పనిచేస్తుందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: కుందేలు తాబేలు వద్దండీ. మిర్చి పండించే పెద్దమనిషిని కూర్చోబెట్టి మూడో తరగతి పాఠం చెప్తే ఆయన టీకి కాదు, నేరుగా ఇంటికే వెళ్తాడు. చాలామంది ఇక్కడే పొరపడుతున్నారు. ఎక్కడిదో ఒక కథ తెచ్చి ముందు అతికించి, అది అయిపోగానే మళ్ళీ పాత స్లైడ్లలోకి దిగిపోతారు. కథ బయటి నుంచి తేనక్కర్లేదు, మీరు చెప్పబోయే విషయంలోనే ఎవరికో ఏదో జరిగి ఉంటుంది, అదే మీ కథ.

మీ రికార్డుల్లో పరీక్షలో తప్పిన లాటు ఒకటైనా ఉంటుంది కదా, దాన్ని బయటికి తీయండి. రైతు పేరు, ఊరి పేరు తీసేయండి, అది ఆయన పరువుకు సంబంధించింది. మిగతాదంతా ఉంచండి. కాయ ఎప్పుడు కోశారు, కల్లంలో పట్టా వేశారా నేల మీదే పోశారా, రాత్రి మంచు పడుతుంటే కప్పారా వదిలేశారా, నడుమ మబ్బు పట్టి జల్లు కొట్టిన రోజు ఏం చేశారు, యార్డుకు తెచ్చేముందు కాయ విరక్కుండా నీళ్ళేమైనా చల్లారా, టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీలో ఎన్నాళ్ళున్నాయి, శాంపిల్ తీస్తే ల్యాబ్ ఏమంది, చివరికి ఆ సరుకు ఏ రేటుకు పోయింది. ఈ వరసలో చెప్పుకుంటూ పోతే ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు మీద వేరే పాఠం అక్కర్లేదు, తడి తగిలిన చోట అదే మీ మాటల్లోకి వచ్చేస్తుంది. ముందు కూర్చున్నవాళ్ళకు కోత గురించీ ఆరబెట్టడం గురించీ మీకంటే ఎక్కువే తెలుసు. వాళ్ళకు తెలియనిది, కాయ పైకి ఎర్రగా నిగనిగలాడుతున్నా లోపల ఆ విషం ఉండొచ్చని, మామూలు వంట వేడికి అది పోదని. ఆ చోటికి వచ్చినప్పుడు కాస్త ఆగండి. తాలు కాయైతే కంటికి కనిపిస్తుంది, ఏరేయొచ్చు, ఇది కనిపించదు. వాళ్ళు ఆలోచించుకోవలసింది దాని గురించే.

ఇక అంకె. మిర్చిలో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 10 మైక్రోగ్రాములు, అందులో బి1 రకం 5 మైక్రోగ్రాములు దాటకూడదని యూరోపియన్ యూనియన్ హద్దు పెట్టింది. దీన్ని అలాగే స్లైడు మీద పెడితే ఎవరి బుర్రకూ ఎక్కదు. టిక్కీలోకి దించండి. టిక్కీ సుమారు 40 కిలోలనుకుంటే ఆ హద్దు 0.4 మిల్లీగ్రాములు, అంటే దాదాపు ఏడెనిమిది సన్న ఉప్పు రవ్వల బరువు. ఆ కాసిని రవ్వలు నల్ల కాగితం మీద పెట్టి ముందు వరస నుంచి చేతులు మారనివ్వండి. "టిక్కీ మొత్తానికి ఇంతకు మించితే సరుకు వెనక్కే" అనండి. పవర్‌పాయింట్ అవసరమే రాదు.

ఇంకో మాట. బుర్రకథ చూసి పెరిగిన జిల్లా మనది. పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ గారికి ఆ కళకే 1986లో పద్మశ్రీ వచ్చింది. అందులో కథకుడు ఒక్కడే ఉండడు, అటొక వంత ఇటొక వంత ఉంటారు. ఒకాయన హాస్యం చూసుకుంటాడు, ఇంకొకాయన లోకం పోకడ మాట్లాడతాడు, జనం మనసులో మెదిలే అనుమానాన్ని మధ్యలో అడ్డుపడి అడిగేసేది వీళ్ళే. మీరూ ఒక వంతను పెట్టుకోండి. యార్డులో అందరికీ తెలిసిన కమీషన్ ఏజెంటు ఎవరైనా ఉంటే, "మీకు నిజంగా ఉన్న అనుమానమే మధ్యలో అడగండి సార్" అని ముందే చెప్పి ఉంచండి. ఏం అడుగుతాడో నేనిప్పుడే చెప్పగలను: "పట్టాలకు డబ్బులెవరిస్తారు? పట్టా మీద ఆరబెట్టినాయనకు మీ కంపెనీ క్వింటాకు ఎక్కువిస్తుందా?" సభలో అందరి నోట్లోనూ ఉన్న ప్రశ్న అదే. దీనికి మీ కంపెనీ దగ్గర జవాబు లేకపోతే ముందు మీ మేనేజ్‌మెంట్‌తో కూర్చుని అది తేల్చుకోండి. జవాబు లేకుండా ఎంత బాగా చెప్పినా రైతుకు మిగిలేది ఇంకో ఖర్చు మాత్రమే.

ప్రశ్న: మాకు ట్రైనింగ్ ఇచ్చినాయన ప్రెజెంటేషన్‌లో మాటల పాత్ర 7 శాతమేననీ, గొంతు 38, హావభావాలు 55 అనీ చెప్పారు. అలాగైతే కథ కోసం తలబద్దలు కొట్టుకోవడం దేనికి?
– ఒక పాఠకురాలు, పటమట

జవాబు: ఈ లెక్క ఊరూరా తిరుగుతోంది. ఆల్బర్ట్ మెహ్రాబియన్ అనే సైకాలజిస్టు 1967లో చేసిన పరిశోధనల నుంచి వచ్చింది. ఒక్కో మాట వినిపించి, ముఖం ఫొటోలు చూపించి, చెప్పే మనిషికి ఎదుటివాళ్ళ మీద ఇష్టమా అయిష్టమా అని అడిగిన ప్రయోగాలవి. ఇది అన్ని రకాల మాటలకూ వర్తించదని ఆయనే చెప్పుకున్నారు. ఒక్కసారి మీ ట్రైనర్‌గారిని గొంతు, చేతులు మాత్రమే వాడి జీఎస్టీ గురించి చెప్పమనండి, చూద్దాం.

మీకు నిజంగా పనికొచ్చే లెక్క ఇంకొకటుంది. స్టాన్‌ఫర్డ్‌లో చిప్ హీత్ అనే ప్రొఫెసర్ తన విద్యార్థుల చేత ఒక్కో నిమిషం మాట్లాడించేవారు. పదిమందిలో ఒక్కరే కథ చెప్పేవారు, మిగతావాళ్ళంతా అంకెలే. కాసేపయ్యాక ఏం గుర్తుందని అడిగితే 63 శాతం మందికి కథలు గుర్తున్నాయి, ఏదో ఒక అంకె గుర్తున్నవాళ్ళు 5 శాతం.

ప్రశ్న: ఇంజనీరింగ్ ఫైనలియర్, విజయవాడ. బుడమేరు వాగులో నీటిమట్టం పెరిగితే ఫోన్లకు మెసేజ్ పంపే సెన్సర్ చేశాం. ఎక్స్‌టర్నల్ (బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్) ముందు పది నిమిషాలే టైము. 2024 వరద వీడియోలకు మ్యూజిక్ వేసి ఎమోషనల్‌గా మొదలుపెడదామని మా టీములో ఒకడంటాడు. సూటిగా సర్క్యూట్‌లోకి వెళ్ళిపోదామని నేనంటాను. ఎవరిది కరెక్ట్?

జవాబు: ముందు ఆ మ్యూజిక్ తీసేయండి నాన్నా. వరదలో బతికి బయటపడ్డవాళ్ళు ఆ గదిలోనే ఉండొచ్చు, ఎక్స్‌టర్నలే అయ్యుండొచ్చు.

2024 సెప్టెంబర్ 1, ఆదివారం. సింగ్ నగర్ వైపు నీళ్ళొచ్చిన ఇల్లు మీ క్లాసులోనే ఎవరిదో ఒకరిది ఉంటుంది. వాళ్ళకు చెప్పడం ఇష్టమైతేనే వెళ్ళి అడగండి. నీళ్ళొస్తున్నాయని ఎలా తెలిసింది? ఎవరు చెప్పారు, లేక మంచం దిగి కాలు పెడితేనే తెలిసిందా? మొదట ఏది పైకెత్తారు, సర్టిఫికెట్లా, బియ్యమా, మామ్మనా? రెండు గంటల ముందే తెలిసుంటే ఏం చేసేవాళ్ళు? ఈ చివరి ప్రశ్నకు వాళ్ళిచ్చే జవాబే మీ ప్రాజెక్టు ఎందుకో చెప్పేస్తుంది, ఆ ఒక్క వాక్యాన్ని వాళ్ళ మాటల్లోనే చెప్పండి. నిమిషంన్నర చాలు.

ఆ తర్వాత నీళ్ళ కథ చెప్పండి, సర్క్యూట్‌కు ఇంకా తొందరలేదు. బుడమేరు వరదను వెలగలేరు రెగ్యులేటర్ దగ్గర ఆపి డైవర్షన్ కాలువలోంచి కృష్ణలోకి పంపాలి, ఏర్పాటు అది. కృష్ణ మామూలుగా ఉంటే బాగానే నడుస్తుంది. కానీ ఆ రెండు రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర ఎన్నడూ లేనంతగా 11 లక్షల క్యూసెక్కులు దాటి నీరు వచ్చింది. నదే నిండుగా ఉంటే కాలువ నీళ్ళు అందులో కలవలేక వెనక్కి ఎగదన్నుతాయి. దానికి తోడు కాలువ గట్లకు గండ్లు పడ్డాయి. అందుకే సింగ్ నగర్‌లో వాన తెరిపిచ్చినా వీధుల్లో నీళ్ళు పెరుగుతూనే పోయాయి. ఇది మ్యాపు మీద వేలు పెట్టి వెలగలేరు నుంచి కిందికి జరుపుతూ చెప్పారనుకోండి, "సెన్సర్ ఎక్కడ పెట్టారు, అక్కడే ఎందుకు" అని ఎక్స్‌టర్నల్ అడిగేలోపే జవాబు కనిపిస్తుంది. సింగ్ నగర్‌లో పెట్టిన సెన్సర్ చెప్పేది అక్కడివాళ్ళ కాళ్ళకు అప్పటికే తెలిసిన సంగతి, అది ఎగువనే ఉండాలి. కృష్ణ మట్టం కూడా కలిపి లెక్కేస్తున్నారా లేదా అన్నది తర్వాతి ప్రశ్న, దానికి సిద్ధంగా ఉండండి. లెక్కేయకపోతే వేయట్లేదని మీరే చెప్పేయడం మంచిది.

ఇంటి సంగతి చెప్పేటప్పుడు "మొత్తం ఇన్ని లక్షలమంది నష్టపోయారు" అని పక్కనే అంకెలు కుమ్మరించకండి. 2007లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధన ఉంది, స్మాల్, లోవెన్‌స్టీన్, స్లోవిక్ అనే ముగ్గురిది. ఆఫ్రికాలో ఆకలి కోసం విరాళం అడిగారు. మాలి దేశపు రోకియా అనే ఏడేళ్ళ పిల్ల గురించి మాత్రమే చదివినవాళ్ళు తమ దగ్గరున్న 5 డాలర్లలో సగటున 2.38 ఇచ్చారు. లక్షలమంది లెక్కలు మాత్రమే చదివినవాళ్ళు 1.14. రెండూ కలిపి చదివినవాళ్ళు బాగా ఇస్తారనుకుంటాం కదా, వాళ్ళిచ్చింది 1.43. పక్కన పెద్ద అంకె చేరేసరికి ఆ పిల్ల మసకబారిపోయింది. అలాగని అంకెలు మానేయమని కాదు, మీ ఎక్స్‌టర్నల్ విరాళం ఇవ్వడానికి రాలేదు, మార్కులు వేయడానికి వచ్చారు. ఆయనకు కావలసిన కొలతలు, తప్పుడు అలారాలు ఎన్నొచ్చాయన్నది, బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుందన్నది, సెన్సర్ గురించి చెప్పేటప్పుడు నిండుగా ఇవ్వండి. ఆ ఇంటిని మాత్రం దాని మానాన ఉండనివ్వండి.

ప్రశ్న: ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రోజువారీ నిర్వహణ చూస్తాను. రాత్రి షిఫ్టులో రక్తపరీక్షల రిపోర్టులు ఆలస్యమవుతున్నాయని మూడు నెలల డేటాతో చూపించాలి. కథలా చెబుదామంటే మా డైరెక్టర్‌గారు "కథలొద్దమ్మా, పాయింటుకు రా" అంటారు. నేరుగా గ్రాఫులు పెడితే ఆయనే ఆవలిస్తారు. టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, సూర్యారావుపేట

జవాబు: మీ డైరెక్టర్‌గారి మీద నాకు గౌరవం పెరిగింది. ఆయన వద్దనేది ఉపోద్ఘాతాన్ని. దాన్ని ఆయన కథ అంటున్నారు, అంతే.

కొలంబియా వ్యోమనౌక సంగతి మీకు గుర్తుండే ఉంటుంది, కల్పనా చావ్లా గారున్నది అందులోనే. 2003 జనవరి 16న బయల్దేరినప్పుడు ఇంధన ట్యాంకు నుంచి ఊడిన నురుగు ముక్క రెక్కకు తగిలింది. నౌక ఇంకా పైనే ఉండగా ఇంజనీర్లు ఆ దెబ్బ మీద స్లైడ్లు తయారుచేసి నాసా పెద్దలకు చూపించారు. అందులో ఒక స్లైడుకు హెడ్డింగు ధైర్యం చెప్పేలా ఉంది. దాని కింద బుల్లెట్లు, బుల్లెట్ల కింద చిన్న బుల్లెట్లు. అన్నిటికంటే అడుగున ఉన్న వరస ఏం చెప్తోందంటే, వాళ్ళ దగ్గరున్న పరీక్షల్లో వాడిన ముక్క 3 ఘనపుటంగుళాలు, నౌకకు తగిలింది 1920. అంటే 640 రెట్లు పెద్దది. ఆ పరీక్షలను బట్టి ధైర్యంగా ఉండడానికి ఆధారమే లేదని చెప్పే అంకె, స్లైడు అడుగున పడి ఉంది. ఫిబ్రవరి 1న తిరిగొస్తూ కొలంబియా ముక్కలైంది, ఏడుగురూ పోయారు. ఆ స్లైడు ఒక్కటే ప్రమాదానికి కారణమని ఎవరూ అనరు గానీ, విచారణ బోర్డు తన నివేదికలో దాన్ని ప్రత్యేకంగా చూపించి మరీ తప్పుపట్టింది.

ఆ ఇంజనీర్లు చెప్పాల్సింది నాలుగు మాటలు. ఇది తగిలింది, ఇంత పెద్దది, ఇంత పెద్దదాన్ని మనమెప్పుడూ పరీక్షించలేదు, కాబట్టి రెక్క ఎలా ఉందో మనకు తెలియదు. ఒకదాని వెంట ఒకటి వచ్చే వాక్యాలు. బుల్లెట్లతో వచ్చే చిక్కేమిటంటే ఆ "కాబట్టి" జారిపోతుంది, అన్నీ సమానంగా వరసలో నిలబడతాయి. 2004లో అమెజాన్‌లో జెఫ్ బెజోస్ పెద్దల మీటింగుల్లో పవర్‌పాయింట్ మాన్పించి, పూర్తి వాక్యాల్లో రాసిన నోటు అందరూ చదివాకే మాట్లాడుకునే పద్ధతి పెట్టారు. వాక్యం రాయాలంటే ఏది దేనివల్ల జరిగిందో రాసేవాళ్ళే తేల్చుకోక తప్పదు.

మీరు చేయాల్సిందల్లా మీ డేటాలోంచి ఒక రాత్రిని ఎంచుకోవడం. పేషెంటు పేరొద్దు. "రాత్రి 11 గంటల 10 నిమిషాలకు రక్తం తీశారు. ల్యాబ్‌కు చేరింది 12.50కి. పరీక్షకు పట్టింది 25 నిమిషాలే. రిపోర్టు డాక్టరు చేతికి వచ్చేసరికి 2 దాటింది." మీ టైములు మీరు వేసుకోండి. ఇది చదవడానికి పావు నిమిషం కూడా పట్టదు, డైరెక్టర్‌గారు దీన్ని కథ అనుకోరు, పాయింటే అనుకుంటారు. వెంటనే "ఇది ఒక్క రాత్రేనా, రోజూ ఇంతేనా?" అంటారు. మీ మూడు నెలల గ్రాఫు అప్పుడు పెట్టండి, ఒక్కటే. ఆయనే అడిగింది కాబట్టి ఆవలించరు. ఆలస్యం ల్యాబ్‌లో కాదు, శాంపిల్ మోసుకెళ్ళే మనిషి లేకపోవడంలో ఉందని తేలితే, మూడో స్లైడులో ఒక్క వార్డ్‌బాయ్ జీతం వేయండి. చాలు.

ఒక్క జాగ్రత్త. మరీ ఘోరమైన రాత్రిని ఏరుకోకండి. మామూలుగా జరిగే రాత్రి తీసుకోండి. లేకపోతే "అదేదో ఆ రోజు అలా అయింది" అనేసి ఫైలు మూసేస్తారు.

ప్రశ్న: మాది అకౌంట్స్ అండీ, వస్త్రలతలో బట్టల హోల్‌సేల్. మా ఓనర్‌గారికి ఇన్‌పుట్ టాక్స్ క్రెడిట్ (సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మనం కట్టాల్సిన దాంట్లో తగ్గించుకోవడం) పోతోందని నెలనెలా ఎక్సెల్ చూపిస్తున్నా, తలూపి వదిలేస్తున్నారు. అకౌంట్స్‌లో కథేముంటుంది?
– ఒక పాఠకుడు, వన్‌టౌన్

జవాబు: ఒక బిల్లు కథ ఉంటుంది. ఓనర్‌గారికి బాగా తెలిసిన సప్లయర్ బిల్లు తీసుకోండి, ఆయన రోజూ "ఏం బావగారూ" అని పలకరించే మనిషిదైతే ఇంకా మంచిది. మనం సరుకు తెచ్చాం, టాక్సుతో సహా డబ్బు కట్టేశాం. నెలవారీ రిటర్న్ వేసేవాళ్ళు 11వ తేదీకి జీఎస్టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వేయాలి, ఆయన వేయలేదు. 14న మన 2బి (సప్లయర్లు చూపించిన బిల్లులతో పోర్టల్ ఇచ్చే క్రెడిట్ జాబితా) వచ్చింది, అందులో ఆ బిల్లు లేదు. 2022 జనవరి నుంచి 2బిలో కనిపించని దానికి క్రెడిట్ తీసుకోకూడదు. కాబట్టి అదే టాక్సు ఈ నెల మన జేబులోంచి మళ్ళీ కట్టాం, ఆయన రిటర్న్ వేసేదాకా ఆ డబ్బు ఇరుక్కుపోయినట్టే. ఒక కాగితం, ఒక బిల్లు, ఒక మొత్తం. ఎక్సెల్ తెరవకండి. ఆయన అక్కడికక్కడే ఫోన్ తీసి బావగారికి కొడతారు. కొట్టాక, "ఇలాంటివి ఇంకా ఎన్నున్నాయి?" అంటారు, అప్పుడు తెరవండి.

ప్రశ్న: స్లైడ్లు ఇంగ్లీషులోనే ఉండాలంటారు. ఇంగ్లీషులో కథ చెప్పాలంటే నోరు ఎండిపోతోంది.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: స్లైడు ఇంగ్లీషులో ఉండనివ్వండి, మీరు తెలుగులో చెప్పండి. వింటున్నవాళ్ళంతా తెలుగువాళ్ళే అయినప్పుడు ఎవరి కోసం ఈ బాధ? బయటివాళ్ళుంటే చిన్న చిన్న వాక్యాలు చాలు, జరిగింది జరిగినట్టు చెప్పడానికి పెద్ద ఇంగ్లీషు పట్టదు. కష్టమైన ఇంగ్లీషంతా మనం విషయం లేనప్పుడే వాడతాం.

ప్రశ్న: మంగళగిరి దగ్గర ఒక వెంచర్‌కు మార్కెటింగ్ చేస్తున్నా. "ఆటో నడుపుకునే ఒకాయన ఇక్కడ ప్లాటు కొని రెండేళ్ళలో కూతురి పెళ్ళి చేశాడు" అని చెప్పమంటున్నారు. అలాంటాయన ఎవరూ లేరు. కథే కదా, కొంచెం కల్పిస్తే తప్పేముంది అంటున్నారు.

జవాబు: తప్పే. పైన అందరికీ నేను చెప్తున్నది జరిగినదాన్ని చెప్పమని. పేరు మార్చొచ్చు, ఊరు దాచొచ్చు, అక్కర్లేని వివరాలు వదిలేయొచ్చు. లేని మనిషిని పుట్టించి, ఆయన లాభాన్ని చూపించి, నిజంగా ఆటో నడుపుకునేవాడి చేత అప్పు చేయించి ప్లాటు కొనిపించడం వేరే వ్యవహారం. కథకు అంత బలం ఉంది కాబట్టే ఇది ప్రమాదం. ఎక్సెల్ చూసి ఎవరూ కూతురి పెళ్ళి డబ్బులు తెచ్చి పెట్టరు, ఇలాంటి మాట విని పెడతారు.

చట్టం సంగతి కూడా మీవాళ్ళకు చెప్పండి. 2016 రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టంలో 12వ సెక్షన్ దీని గురించే. ప్రకటనలో ఉన్న అబద్ధాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోతే ప్రమోటర్ పరిహారం ఇవ్వాలి, కొన్నాయన తప్పుకుంటానంటే కట్టిన డబ్బు వడ్డీతో తిరిగివ్వాలి.

చెప్పడానికి నిజం కథ లేకపోతే వెంచర్ కథే చెప్పండి. ఆ భూమి ఎవరిది, లేఅవుట్ అనుమతి ఎప్పుడొచ్చింది, రెరా నంబరేమిటి, రోడ్డు ఎంతవరకు పడింది, ఏది ఇంకా కాలేదు. "ఇంకా కాలేదు" అన్న మాట మీ నోటి నుంచి వింటే మిగతావి నమ్ముతారు. అప్పటికీ ఆ ఆటో ఆయన గురించే చెప్పమని ఒత్తిడి చేస్తే, ఆ నాలుగు వాక్యాలూ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం పెట్టి ఇవ్వమనండి. ఇస్తారని నేననుకోను.